ముందు ఏది తియ్యాలె

రిపేరు దుకాణంలో బెంజమిన్ లాప్‌టాప్‌లోంచి తీసిన డిస్కును చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అట్లా కళ్లు మూసుకుని వినే మనుషులంటే సత్యవేణికి భయం. ఆ రోజు దవాఖానాలో డాక్టరు కూడా ఇట్లాగే బిడ్డ ఛాతీ మీద గొట్టం ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. ఆ కళ్లు తెరిచేసరికి ఆయన వేరే మనిషిలా ఉన్నాడు. అందుకే ఆమె ఇప్పుడు బెంజమిన్ మొహం వైపు చూడకుండా గోడకేసి చూసింది. గోడ నిండా విప్పేసిన లాప్‌టాప్ మూతలు, మేకులకు వేలాడే వైర్లు, ఏసుప్రభువు క్యాలెండరు. బయట ఉప్పల్ రింగురోడ్డు బోసిగా ఉంది. సమ్మె మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ బస్సులు డిపో దాటడం లేదు. నాచారం నుంచి ఇక్కడిదాకా చంకలో పిల్లతో, భుజాన ఇటుకరాయంత బరువున్న లాప్‌టాప్‌తో సగం దూరం నడిచి, సగం దూరం షేర్ ఆటోలో ఒంటి తొడ మీద కూర్చుని వచ్చింది. పిల్ల ఇప్పుడు ఒళ్లో నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. సత్యవేణి వేలు తనంత తానే పిల్ల ముక్కు కిందికి పోయింది. వెచ్చటి గాలి తగిలింది. తగిలినా నమ్మక ఇంకోసారి పెట్టి చూసుకుంది.

"ఎన్ని దినాల సంది ఇట్ల సప్పుడు జేస్తున్నది చెల్లె?" అన్నాడు బెంజమిన్.

"నిన్నటి సంది అన్నా."

అబద్ధం నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. వినాయకుణ్ని నిమజ్జనం చేసిన నాటి నుంచి వింటోంది ఆమె ఆ చప్పుడును. మొదట బల్లి అనుకుంది. లాప్‌టాప్ పెట్టె తెరిచిన ప్రతిసారీ టిక్కు టిక్కుమని పలుకుతుంటే, గోడ మీద బల్లి తన మనసులో మాటకు సాక్ష్యం చెబుతోందని వేలితో నేల మీద కొట్టి కృష్ణా కృష్ణా అనుకునేది. తర్వాత ఒక మధ్యాహ్నం చెయ్యి ఆనించి చూస్తే ఆ పలుకు గోడ మీది నుంచి రాలేదు, పెట్టె కడుపులోంచి వచ్చింది. ఆ రాత్రే మొగుడికి చెప్పవలసింది. చెబితే బాలరాజు ఒకటే అడుగుతాడు: నేను డ్యూటీకి పోయినంక నువ్వెందుకు తెరిచినవే? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక పేరు నోట్లోకి రావాలి. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. మూడేళ్లుగా పలకలేదు. అందుకని చప్పుడును అట్లాగే ఉండనిచ్చింది. దగ్గుతున్న పిల్లను రేపు చూపిద్దాంలే అని పడుకోబెట్టినట్టు. ఛ, ఆ పోలిక ఎందుకు వచ్చింది, అప్పుడు కూడా రేపు చూపిద్దాం అనుకున్నది తనే కదా, వాన పడుతోందని, ఆటో దొరకదని, మిరియాల కషాయం పట్టిస్తే తగ్గిపోతుందని అత్త అంటే సరే అన్నది తనే కదా.

అందరికీ తెలిసినంత వరకు ఆ లాప్‌టాప్ బాలరాజు బతుకుదెరువు. నాచారం ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తాడు అతను. పై ఆఫీసు వాళ్లు పాతబడిపోయిందని మూల పడేసిన దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. నల్లటి మందపాటి పెట్టె, వెనక పక్క తొమ్మిది సూదుల మూతి ఒకటి. ఆ మూతి కొత్త వాటికి లేదట. చుట్టుపక్కల షెడ్లలో ఇరవై ఏళ్ల కిందటి మిషన్లు ఇంకా తిరుగుతున్నాయి. అవి మొండికేసినప్పుడు ఈ మూతికి వైరు తగిలించి, ఇందులో ఉన్న ప్రోగ్రాముతో మాట్లాడిస్తేనే మళ్లీ దారికి వస్తాయి. సాయంత్రాలు డ్యూటీ దిగాక బాలరాజు ఆ పని మీదే తిరుగుతాడు. ఇంట్లో పొయ్యి మీదికి వచ్చేదంతా దాని పుణ్యమే. నిన్న రాత్రి అది తెరుచుకోకుండా మొరాయిస్తే అతని మొహం నల్లబడింది. "రేపు బెంజమిన్ అన్న కాడికి తీస్కపో. డిస్కు మార్చమని చెప్పు," అన్నాడు. ఇంకేదో అనబోయి చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

బయటికి చెప్పుకోలేనిది వేరే ఉంది. ఆ డిస్కులో, ప్రోగ్రాముల మధ్య, ఒక నిమిషం కూడా లేని వీడియో ఒకటి ఉంది. అందులో వాళ్ల పెద్దబిడ్డ సంతోషి ఉంది. సంతోషి ఈ లోకంలో ఉన్నట్టు చెప్పడానికి మిగిలింది అదొక్కటే.

చిన్నపిల్లలు పోతే దినాలుండవు. మూడో రోజు లేదు, పదకొండో రోజు లేదు. తండ్రి చేతుల మీద తీసుకుపోతాడు, ఆడవాళ్లు గడప దాటరు. ఏ చోట పెట్టారో తల్లికి చూపించరు. గోడకు ఫోటో పెట్టరు, పెట్టినా దండ వెయ్యరు. అత్త రాములమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమె కడుపున పుట్టిన వాళ్లలో ఇద్దరు అట్లాగే పోయారు. ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు, అది చేసింది. ఉయ్యాల విప్పేసింది. గౌన్లు, గిలక్కాయ, స్టూడియోలో తీయించిన ఒకే ఒక్క ఫోటో, నల్లపూసల మొలతాడు, అన్నీ మూటగట్టి ఎవరికిచ్చిందో, ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. "పేరు తియ్యకు బిడ్డా. తీస్తే వెనక్కు మళ్లి సూస్తది. సూస్తే ఎన్క పుట్టేటిది నిలువది," అంది. పాలు ఎండిపోవాలని మల్లెపూలు తెచ్చి రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది. అయినా నాలుగు రోజులు పాలు వచ్చాయి. రవికె తడిసేది, మల్లెపూలు తడిసి నల్లబడేవి, పక్కింట్లో ఎవరి పిల్ల ఏడ్చినా ఇక్కడ చివ్వుమనేది. ఇప్పటికీ ఆటోలో పక్కన కూర్చున్న ఆడమనిషి తల్లో మల్లెలుంటే సత్యవేణి మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఆమెకేదో గర్వమనుకుంటారు.

అట్లా అన్నీ పోయాక ఒకనాడు బాలరాజు గిన్నెలో అన్నం వదిలేసి ఫోనుకు వైరు పెట్టి పెట్టెలోకి ఏదో ఎక్కించడం ఆమె వంటింటి గడప నుంచి చూసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఫోను పాడైతే మార్చేశాడు. ఏం ఎక్కించాడో చెప్పలేదు. ఆమె అడగలేదు. ఎనిమిదిలో ఆగిపోయిన చదువు, ఆ తెర మీద ఉండే అక్షరాలు కూడబలుక్కుని ఒక్కొక్క పసుపు డబ్బా తెరుచుకుంటూ ఒకరోజు దొరకబుచ్చుకుంది. సర్వీస్ అని రాసున్న డబ్బాలో దాచాడు. మిషన్ల కాగితాల మధ్య. ఆ రోజు మొదటిసారి చూసి ఎంత గట్టిగా నోరు మూసుకుందంటే చిగుళ్లలోంచి నెత్తురు వచ్చింది. అప్పటికి చిన్నది కడుపులో ఉంది. కడుపులోది వింటుందేమో, వెనక్కి మళ్లి చూసేది నిజంగానే చూస్తుందేమో అని పెట్టె మూసి, ఉప్పూ మిరపకాయలూ తన కడుపు చుట్టూ తానే తిప్పుకుని పొయ్యిలో వేసింది. మళ్లీ చూడొద్దనుకుంది. రెండో రోజు చూసింది. చిన్నది పుట్టాక అది నిద్రపోయే వేళ, పెట్టె ఇంట్లో ఉన్న ప్రతి మధ్యాహ్నం చూసింది. చూడటం, చూసి భయపడటం, లేచి నిద్రలో ఉన్న పిల్లకు దిష్టి తియ్యడం. పెద్దదాన్ని చూసిన పాపానికి చిన్నదానికి శాంతి చేసినట్టు. మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే అని ఇంకా భయం, వస్తే ఇంకో రకం భయం.

చిన్నదానికి రికార్డులో అనన్య అని పేరు. ఇంట్లో పెంటమ్మ. పురిటి స్నానం అయిన రోజు రాములమ్మ దాన్ని చాటలో పడుకోబెట్టి బస్తీ చివర చెత్తకుప్ప మీద పెట్టింది. పక్కింటి శాంతాబాయి దారిన పోతూ చూసినట్టు చూసి, "అయ్యో ఎవల పిల్లనో పారేసిన్రు," అని ఎత్తుకుంది. రాములమ్మ ఎదురుపోయి చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. అట్లా కొన్న పిల్ల, చెత్తలో దొరికిన పిల్ల, దాని మీద చావుకు కన్నుండదు. ఆ చాటలో, కోడిగుడ్డు పెంకులూ పాలకవర్లూ అంటిన కుప్ప మీద, నిండా నెల లేని బిడ్డ చేతులు గాలిలో ఆడిస్తుంటే సత్యవేణికి గుండె ఆగినంత పని అయ్యింది. కానీ ఆ రోజు నుంచి కొంచెం నిద్ర పట్టింది కూడా. శాంతాబాయి ఇప్పటికీ గోడ మీది నుంచి అంటుంది: "ఏందే వేణి, నా పిల్లకు తిండి వెడ్తలేవా? మీ అత్త నాకు పొట్టు కలిపిన తవుడిచ్చింది, అందుకే గింత బక్కగున్నది. తవుడు వాపస్ ఇస్త, నా పిల్లను నాకియ్యి." రాములమ్మ లోపలి నుంచి, "పొట్టు నీ మొకం! ఎంకటాపురం బర్రెల కాడికెల్లి తెచ్చిన. ఇచ్చిన సొమ్ము వాపస్ తీస్కునుడు మా ఇంట లేదు," అని అరుస్తుంది. అందరూ నవ్వుతారు, పెంటమ్మ కూడా నవ్వుతుంది. ఆ నవ్వు ఎవరి పోలికో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

"కొత్త డిస్కు దీనికి పడది చెల్లె," అంటున్నాడు బెంజమిన్. ఎప్పుడు మొదలుపెట్టాడో, ఆమె సగం నుంచి వింది. "ఇప్పుడొచ్చేయి పిన్నులు వేరే. తెచ్చి మల్పి పెట్టినా దీనికి అంత పెద్దది అరుగది, ముసలోళ్లకు గట్టి బువ్వ వెట్టినట్టు. గందుకే గిది వెడుతున్న." గోటితో చూపించాడు. బిళ్లలాంటి చిన్న కార్డు, పెద్ద కెమెరాల్లో వేసేదట, దాన్ని ఒక పచ్చటి అట్టలాంటి ముక్కకు తొడిగాడు. ఆ అట్ట చివర పాత డిస్కుకు ఉన్నట్టే సూదులకు బొక్కలున్నాయి. "లాప్‌టాప్ గిదే డిస్కు అనుకుంటది. తిరిగేది ఏం ఉండది, వేడి గాదు, సప్పుడు రాదు. మీ ఆయనకు ఇగ ఫికర్ లేదు."

"పాత దాంట్ల ఉన్నయి ఎట్ల, అన్నా?"

బెంజమిన్ పాత డిస్కును పాలిథీన్ కవర్లో చుట్టి, పైన ఇంకో కవర్ చుట్టి, "జర కూసో," అని బయటికి పోయాడు. పక్కనున్న జ్యూస్ దుకాణం వాడితో ఏదో మాట్లాడటం, ఫ్రిజ్ తలుపు చప్పుడు వినిపించాయి. వచ్చి చెప్పాడు: చల్లబడితే లోపల అతుక్కున్నది వదిలి కొంచెంసేపు తిరుగుతుంది, మళ్లీ వేడెక్కేదాకా. అందరికీ చెయ్యను, ఆఖరి ఉపాయం ఇది, అయితే అయినట్టు లేకుంటే లేదు. సత్యవేణి తల ఊపింది. ఐస్‌క్రీం కప్పుల మధ్య, గడ్డకట్టిన పాలప్యాకెట్ల మధ్య ఇప్పుడు ఆ డిస్కు ఉంది. తలుపు మూస్తే లోపల లైటు ఆరిపోతుంది కదా. సంతోషికి చీకటి పడేది కాదు. గుడ్డిబల్బు ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉండాలి. దాన్ని పెట్టిన చోట ఏ బల్బుంటుంది, వాన పడితే మట్టి దిగబడుతుంది కదా, బాలరాజు ఆ రోజు వచ్చినప్పుడు అతని మోకాళ్లకు ఎర్రమట్టి. కడుక్కోకుండానే గోడకానుకుని కూర్చున్నాడు, ఆమె ఆ మట్టిని చూస్తూ కూర్చుంది, ఎక్కడి మట్టో గుర్తుపట్టగలనేమో అని. తర్వాత చాలా రోజులు నాచారం చుట్టుపక్కల ఎక్కడికి పోయినా కాళ్ల కింద మట్టి రంగు చూసేది.

బెంజమిన్ గోడ గడియారం చూశాడు. సమ్మెలో బొగ్గు తవ్వడం ఆగిపోయి కరెంటు కోతలు పెరిగాయి. ఉప్పల్లో మధ్యాహ్నం కోత వేళ దగ్గరపడింది. "లైటు వోతే నా యూపీఎస్ బ్యాటరీ ముసల్ది, జరసేపు కూడ ఆగది," అన్నాడు. పోయి డిస్కు తెచ్చాడు. బల్ల మీద వైర్లు పక్కకు జరపడానికి చేతులు ఖాళీ లేక, "పట్టుకో చెల్లె," అని ఆమె అరచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. కవరు మీద సన్నటి మంచు. ఎంత చిన్నది, ఎంత బరువు. అరచెయ్యంత. దవాఖానా వరండాలో చివరిసారి తన చేతికిచ్చినప్పుడు సంతోషి పాదం ఇంతే చల్లగా ఉంది, ఇంతే ఉంది. తల్లి కదా, రుద్దింది, రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది, నోటితో ఊదింది, నర్సు వచ్చి భుజం పట్టుకునేదాకా. ఇప్పుడు కూడా చెయ్యి మూసుకోబోతుంటే బెంజమిన్ గబుక్కున తీసుకున్నాడు. "వెచ్చగ అయితది, వెచ్చగ జెయ్యకు!"

వైరు తగిలించాడు. పాత డిస్కు గురగురమని తిరగడం మొదలైంది, టిక్కుమంది, మళ్లీ తిరిగింది. పక్కనున్న కంప్యూటర్ తెర మీద పసుపు డబ్బాలు ఒక్కొక్కటే వచ్చాయి. సర్వీస్ అన్నది కూడా వచ్చింది. ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి. బెంజమిన్ చేతివేళ్లు బల్ల మీద ఆడిస్తూ అడిగాడు:

"ఇది ఎంతసేపుంటదో దేవునికే ఎరుక. అన్నీ రావు. ముందు ఏది తియ్యాలె చెప్పు."

అడిగింది మామూలు మాటే. సమోసాలా, బజ్జీలా అన్నట్టు. సర్వీస్, అనాలి. ఆ పసుపు డబ్బా, అన్నా, దానిలో చిన్నగా ఉంటది ఒకటి, అనాలి. అంటే ఏందది అని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెబితే సాయంత్రం బాలరాజుకు తెలుస్తుంది. ప్రోగ్రాం పోగొట్టి, ఇంటి మీదికి తెచ్చి, నా బతుకు మీద కొట్టి ఏం తెచ్చినవే అంటే? పోయినదాన్ని తెచ్చిన అనాలా? అతను మరిచిపోయాడు. మరిచిపోకపోతే ఒక్కసారైనా అనేవాడు కదా, బతుకమ్మ నాడు, పుట్టినరోజు నాడు, వాన పడ్డనాడు. మొగవాళ్లు అట్లా ఎక్కడో దాచి మరిచిపోతారు, డ్రాయర్లో తాళంచెవులు దాచినట్టు. అతన్ని ఎందుకు మళ్లీ తవ్వడం? అతను నవ్వుతున్నాడు ఈమధ్య. పెంటమ్మను భుజాల మీద ఎక్కించుకుని బస్తీ అంతా తిప్పుతున్నాడు. ఇంకోటి, ఒళ్లో ఉన్నది. ఒళ్లో ఉన్నదానికి పాలు కావాలి, మందులు కావాలి, రేపు బడి కావాలి, నాలాగా ఎనిమిదిలో ఆగిపోవద్దు. పోయినదానికి ఏం కావాలి, ఏమీ వద్దు, అదేం అడగదు, అది ఏనాడూ ఏదీ అడగలేదు, కషాయం పట్టిస్తే కూడా నోరు తెరిచి తాగింది. అత్త చెప్పిందే నిజమేమో. పేరు పట్టుకుని రోజూ నేను లాగుతుంటే అది పోలేక అక్కడే నిలబడి ఉందేమో. వదిలెయ్యమని చెప్పడానికే ఈ టిక్కు టిక్కులేమో.

"ప్రోగ్రాం, అన్నా," అంది. "మిషన్లయి. ముందు అవ్వి తియ్యి."

బెంజమిన్ నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలైంది. ఆమె దాన్ని తోస్తున్నట్టు చూసింది. తొందరగా పో, తొందరగా అయిపో, అయిపోయి కొంచెం మిగుల్చు. గ్లూకోజు సీసాలో చుక్కలు చూసినట్టే చూసింది. అప్పుడు నెమ్మదిగా పడాలని, సీసా ఖాళీ కాకూడదని మొక్కింది. ఖాళీ అయితే ఇంకోటి పెడతారు కదా అనుకోలేదు. ఖాళీ అయితే అయిపోతుందనుకుంది. పేషెంట్ పేరేంది అని ఎవరో అడిగితే బాలరాజు సంతోషి అన్నాడు, గట్టిగా, వరండా అంతా వినపడేట్టు. ఆ మనిషి నోటి నుంచి ఆ పేరు వినడం అదే ఆఖరు. గీత సగం దాటింది. డిస్కు టిక్కుమంది, గీత ఆగింది, బెంజమిన్ "సిలువ సాచ్చిగ, నడువే తల్లీ," అని దాన్ని బతిమాలాడు. నడిచింది. తల్లీ అన్నాడు దాన్ని. పెంటమ్మ ఒళ్లో కదిలి, కాళ్లు చాపి, మళ్లీ ముడుచుకుంది. గీత కుడి అంచు తాకింది.

"అయిపోయినయి! నీ మొగని అదృష్టం," అన్నాడు బెంజమిన్. ఇప్పుడు అడగొచ్చు. ఇంకొకటుంది అన్నా అని ఇప్పుడు అడిగితే ఏం పోతుంది. నోరు తెరిచింది. సర్ర్‌మని ఫ్యాను ఆగిపోయింది. దుకాణంలో చీకటి. బల్ల కింద యూపీఎస్ బీప్ బీప్‌మని అరవడం మొదలుపెట్టింది.

అదే సమయానికి బెంజమిన్ ఫోను మోగింది. చేతులు రెండూ వైర్ల మీదే ఉండటంతో మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టాడు.

"అన్నా, నేను బాలరాజును. ఈడ గూడ లైటు వోయింది. గందుకే చేసిన, లేకుంటే మిషన్ల లొల్లిల ఏం ఇనవడది." ఫోనులో ఫ్యాక్టరీ ఆగిపోయిన నిశ్శబ్దం. అతని గొంతు ఇంత మెల్లగా ఉండటం సత్యవేణి ఎన్నడూ వినలేదు. "జర ఇనే. వేణి ముంగట అననీకి రాలేదు నిన్న. ఆ డిస్కుల సర్వీస్ అని ఒక ఫోల్డర్ ఉంటది. దాంట్ల చిన్న వీడియో. మా పెద్దపాపది. ప్రోగ్రాం వోతే వోనీ అన్నా, ఏడనన్న దొరకవట్టుకుంట, లేకుంటే ఇంకో పని జేస్కుంట. ముందు గది తియ్యి. వేణికి చెప్పకు, మల్ల రంది వెట్టుకుంటది."

పెద్దపాప అన్నాడు. పెద్దపాప. ఎంత మామూలుగా అన్నాడు, పక్క గదిలో నిద్రపోతున్న పిల్లను అన్నట్టు.

బెంజమిన్ ఆమె వైపు చూశాడు. చూసి తెర వైపు తిరిగాడు. యూపీఎస్ అరుపు తొందర తొందరగా వస్తోంది. సర్వీస్ అన్న డబ్బాను నొక్కాడు. డిస్కు తిరగబోయి ఆగింది. మళ్లీ తిరగబోయింది. టిక్కు, టిక్కు, టిక్కు, ముక్కులో గాలి ఆడనివాళ్లు పీల్చినట్టు. కవరులో ఒక మంచు ముక్క దొరికితే దాని మీద పెట్టాడు, వేలితో మెల్లగా తట్టాడు, పైకెత్తి పట్టుకున్నాడు, వాలుగా పెట్టాడు. చెమటలు కారుతున్నాయి అతనికి. తర్వాత యూపీఎస్ ఆగిపోయింది. దాని వెనకే డిస్కు లోపల తిరిగేది సన్నగా కూత పెట్టి నిలిచిపోయింది.

"అది బయటికి ఎల్లిందా అన్నా?" అంది ఫోను.

"ప్రోగ్రాం బయటికి ఎల్లింది తమ్మీ." బెంజమిన్ నుదురు తుడుచుకున్నాడు. "లైటు వచ్చినంక మల్ల చూస్త. కానీ నీకు అబద్ధం చెప్ప. ఇది ఇగ లేవది." డిస్కు వైరు పీకాడు. "చెల్లె ప్రోగ్రాం ముందు తియ్యుమన్నది."

ఫోనులో, దూరంగా ఫ్యాక్టరీలో ఎవరో ఇనుప సామాను కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత "దానికియ్యి ఫోను," అన్నాడు బాలరాజు. బెంజమిన్ స్పీకర్ తీసి ఫోను ఆమె చేతికిచ్చి, నీళ్లు తాగొస్తానని బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

"నీకు ఎరుకనా అది ఉన్నదని?"

"ఎరుకనే."

"చూస్తుంటివా?"

"నువ్వు డ్యూటీకి పోంగనే."

"నేను నైట్ షిఫ్టుల చూస్తుంటి," అన్నాడు. "ప్యానెల్ రూములో." ఊపిరి తీసుకున్నాడు. "మరి ప్రోగ్రాం ఎందుకు చెప్పినవే పిచ్చిదానా?"

"నువ్వు మర్సిపోయినవ్ అనుకున్న."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. అతను తిట్టలేదు. ముక్కు చీదుకున్నాడు. "వేణీ," అన్నాడు. "నాకు మొదలు యాదికి వస్తలేదే. నిన్న మొన్న చూసిందే, యాదికి వస్తలేదు. ఎట్ల షురువైతది అది?"

ఆమెకు ప్రతి రెప్పపాటూ తెలుసు. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి మాటలు కుదుర్చుకోలేదు కూడా. చీకటి దుకాణంలో, విప్పిన పెట్టెల మధ్య, పిల్లను పైకి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది. "ముందు నేల కనవడతది. గడప కాడ నీ డ్యూటీ బూట్లు. తర్వాత దాని కాళ్లు. పసుపు గౌను. నీ బూట్ల రెండు కాళ్లు వెట్టి నిలవడ్డది, మోకాళ్ల దాక వచ్చినయి. నువ్వు నవ్వుతున్నవ్, అందుకే ఫోను ఊగుతున్నది. 'ఏడికి వోతున్నవే, డ్యూటీకా?' అన్నవ్. 'డూటి' అన్నది. 'టిఫిన్ డబ్బ తీస్కపోవా?' అన్నవ్. అది చుట్టు చూస్తది, డబ్బ కోసం…"

ఆ గొంతుకు పెంటమ్మ లేచింది. కళ్లు నులుముకుంటూ తల్లి మొహంలోకి చూసి, "నేనా?" అంది.

సత్యవేణి ఆగిపోయింది. రాములమ్మ మాట, తవుడు, చెత్తకుప్ప, మిరపకాయలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "కాదు బిడ్డా," అంది. "అక్క. నీకు అక్కుండె. సంతోషక్క." పెంటమ్మ కాసేపు ఆలోచించి, బిస్కెట్ కావాలంది.

"ఇంకా చెప్పు," అన్నాడు బాలరాజు.

"అడుగేసింది. బూటు కదల్లేదు, అది పడ్డది. ఏడుస్తదనుకుని నేను వంటింట్లకెల్లి 'అయ్యో' అన్న, ఇనవడతది అండ్ల నా గొంతు. ఏడవలే. నీ దిక్కు చూసి నవ్వింది. నవ్వుకుంట పాక్కుంట నీ మీదికి వచ్చి ఫోను మీద చెయ్యి వెట్టింది. చీకటైతది. అంతే, అయిపోతది."

వీడియోలో ఉన్నది అంతే. ఆమె మాత్రం ఆగలేకపోయింది. "తర్వాత నువ్వు ఫోను జేబుల వెట్టుకున్నవ్. దాన్ని మల్ల బూట్లల్ల నిలవెట్టి బూట్లతోనే ఎత్తుకున్నవ్. నేను అన్నం పెట్టిన, సల్లగైతది రా అంటే ఇనకుండ పట్టాల దిక్కు పోయినవ్. మౌలాలి మీదికెల్లి గూడ్సు బండి వస్తుండె. నేను గడపల నిలవడి చూసిన మిమ్ముల. అది డబ్బ డబ్బకు టాటా చెప్పింది. ఆఖరి డబ్బ పోయినంక గూడ చెయ్యి ఊపుతనే ఉన్నది."

బయట మెట్టు మీద బెంజమిన్ వీపు కనిపిస్తోంది.

"బూటు పడేసింది గద అప్పుడు," అన్నాడు బాలరాజు. "కుడికాలుది."

"కాదు," అంది సత్యవేణి. "ఎడమకాలుది."